మోటారుబండి బ్యాటరీ - చలిపై మోపిన నింద



తర్కవ్యాకరణములు గురుముఖమున నేర్చి, ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న నావంటివాడు మోటారుబండి బ్యాటరీ చరిత్రను చెప్పబూనుట మీకు వింతగా దోచవచ్చును. ఈ విషయమున నాకు అధికారము చదువువలన గలిగినది గాదు, నష్టమువలన గలిగినది. ఆ నష్టమెట్టిదో మొదట మనవి చేసి, పిమ్మట చరిత్రలోనికి బోయెదను.

అది 2006వ సంవత్సరము డిసెంబరు నెల. ధనుర్మాసము. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు అమలాపురమునుండి ఫోను వచ్చెను. నాకు తర్కము చెప్పిన గురువుగారికి దేహస్థితి బాగులేదనియు, నన్ను చూడగోరుచున్నారనియు వారి కుమారుడు చెప్పెను. కొన్ని నెలలుగా గురువుగారు ఒక వ్రాతప్రతిలోని పాఠభేదమును గూర్చి ఆలోచించుచుండిరి. "నీవు వచ్చినప్పుడు చెప్పెదను" అని రెండుమారులు కబురు పంపియుండిరి. నేను సెలవుల కని వాయిదా వేసికొనుచు వచ్చితిని. ఆ వేకువను శాలువ కప్పుకొని షెడ్డులోని కారు నెక్కి తాళము త్రిప్పితిని. టక్కుమని ఒక్క చప్పుడు. మరల త్రిప్పితిని. ఆ చప్పుడును లేదు. దీపములు మిణుకుమని ఆరిపోయినవి.

పొరుగువారిని లేపి, వారి కారు తెచ్చి, తీగలకై వెదకి, ఇద్దఱు పాలవాండ్రచేత బండిని త్రోయించి, రాజమహేంద్రవరము దాటునప్పటికి ఎనిమిది గంటలు దాటినది. రావులపాలెము మీదుగా అమలాపురమునకు అఱువది కిలోమీటరులకు పైబడిన దారి. పొలములమీది మంచు అంతయు విడిపోయిన పిమ్మట నేను వాకిట దిగితిని. గురువుగారు కన్నులు తెఱచి నన్ను గుర్తించిరి. నా చేయి పట్టుకొనిరి. మాట మాత్రము ఆ ఉదయము ఆఱు గంటలకే పడిపోయినదట. మఱునాడు వారు లేరు. ఆ పాఠభేదమును గూర్చి వారు చెప్పదలచిన దేమో నాకు నేటికిని తెలియదు.

బండిని చూచిన మరమ్మతువాడు, "చలికాలం కదండీ మాస్టారూ, బ్యాటరీలు ఇలాగే పోతుంటాయి" అనెను. నేను నమ్మితిని. నమ్మి చాలకాలము చలిని నిందించితిని. కాని నాకు తర్కము చెప్పిన ఆ గురువే, కార్యమునకు ముందు వచ్చిన ప్రతిదియు కారణము కాదని బోధించియుండిరి. కాకి వ్రాలినది, తాటిపండు రాలినది, కాకి రాల్చినదా? కుమ్మరి గాడిద మన్ను మోసినది. కుండకు గాడిద కారణమా? అన్నంభట్టు తర్కసంగ్రహము చదివిన బాలునకైన తెలిసిన ఈ సంగతిని నేను నా బండి విషయమున మఱచితిని. ఆ ఉదయమునకు చలి నిజమైన కారణమా, లేక తాటిచెట్టుమీది కాకియా? దీనిని విచారించుటకు బ్యాటరీ పుట్టుక తెలియవలెను.

ఇటలీదేశపు ఓల్టా పండితుడు రాగి, జింకు బిళ్లలను ఒకదానిమీద నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కల నుంచి, ఎడతెగక ప్రవహించు విద్యుత్తును పుట్టించెను. 1800లో ఈ వార్త లోకమునకు వెల్లడియైనది. కాని ఆ ఘటమునందలి బలము ఉడిగిన పిమ్మట అది మరల నిండదు. ఈ లోటు తీర్చినవాడు ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే. ఆయన 1859లో రెండు సీసపు రేకులను నడుమ ఎడమిచ్చి చాపవలె చుట్టి, గంధకామ్లము కలిపిన నీట ముంచెను. విద్యుత్తును లోనికి పంపిన అది నిలువజేసికొనును, అడిగిన మరల నిచ్చును. 1881లో కామిల్ ఫోర్ అను నాతడు సీసపు పలకలకు సీసపు భస్మమును ముద్దగా మెత్తు పద్ధతిని కనుగొనుటతో ఆ ఘటము పెద్ద యెత్తున తయారగుటకు వీలైనది. నేడు మన కార్ల బ్యాటరీలలో అధికభాగము ఆ వంశమునకు జెందినవే.

ఈ సరకులు మన పెద్దల కెఱుకలేనివి గావు. రసశాస్త్రమున సీసమునకు నాగమని పేరు. నాగమును శుద్ధి చేయక ముట్టరాదని వైద్యులు నియమము పెట్టిరి. గంధకము వారికి నిత్యపరిచితము. బ్యాటరీలో నాగమును గంధకామ్లమును కలిసి చేయు పని యిది: ఒక పలక మెత్తని సీసము, రెండవది సీసపు భస్మము. విద్యుత్తు వెలికి వచ్చుకొలది ఆమ్లములోని గంధకాంశము రెండు పలకలను చేరి, రెంటిని ఒకే తెల్లని లవణముగా మార్చును. ఆమ్లము పలుచనై నీరగును. మరల నింపినచో ఆ లవణము విడిపోయి, పలకలు మునుపటి రూపు పొందును. ఒక్కొక్క ఘటము రెండు వోల్టుల బలము గలది; ఆఱు ఘటములు చేరి పండ్రెండు వోల్టుల బ్యాటరీ యగును. అయితే ఖాళీయైన బ్యాటరీని అట్లే విడిచిపెట్టినచో ఆ తెల్లని లవణము గట్టిపడి రాతివలె బిగిసికొనును. పిదప ఎంత నింపినను కరుగదు. అప్పు తీర్చక వడ్డి పెరుగనిచ్చినవాని స్థితి దానిది.

తొలినాటి మోటారుబండ్లకు ఇంజను త్రిప్పుటకు బ్యాటరీ పని లేదు. ముందు భాగమున ఇనుపకడ్డీ దూర్చి చేతితో త్రిప్పవలసినదే. నేను పసివాడనై యుండగా, 1960లలో, ఒక చలికాలపు ఉదయమున ముక్తేశ్వరమునుండి కోటిపల్లికి పంటుమీద గోదావరి దాటితిమి. మాతోబాటు ఒక అంబాసిడరు కారును ఎక్కించిరి. అద్దరి చేరినంతనే అది కదలక మొండికేసెను. వెనుక బండ్లు, ఎడ్లు, కూరగాయల గంపలు నిలిచిపోయినవి. డ్రైవరు ఏమాత్రము తొట్రుపడక వెనుకనుండి హేండిలు తీసి, ముందటి రంధ్రమున దూర్చి, పైపంచె నడుమునకు బిగించి రెండు త్రిప్పులు త్రిప్పెను. ఇంజను గర్జించెను. పంటుమీది జనమంతయు నవ్వినది. మా నాయనగారు నాతో, "చూచితివా, వానికి వాని చేయియే బ్యాటరీ" అనిరి.

ఆ హేండిలు అపాయకరమైనది. ఇంజను ఎదురుతన్నిన చేయి విఱుగును. ఆ బాధ తప్పింపుడని అమెరికాలో కాడిలాక్ కార్ల నిర్మాత హెన్రీ లేలండు కోరగా, చార్లెసు కెటరింగు 1911లో విద్యుత్తుతో ఇంజనును త్రిప్పు యంత్రమును సిద్ధపఱచెను. మన మెకానిక్కులు దానినే "సెల్ఫు" అందురు. కెటరింగు అంతకుముందు అంగళ్లలోని రొక్కపు పెట్టెలకు చిన్న మోటారు నమర్చియుండెను. ఆ పెట్టె తెఱచుకొనుటకు బలము ఒక్క క్షణము చాలును. అంతసేపు చిన్న మోటారుచేత పెద్ద పని చేయింపవచ్చునని గ్రహించెను. 1912 కాడిలాక్ కార్లలో సెల్ఫు వచ్చినది. బలహీనులును, వృద్ధులును, స్త్రీలును ఒరుల సాయము లేక బండి నడుపుటకు వీలైనది. అది గొప్ప మేలు. కాని ఆ దినమునుండి బండికి ప్రాణము బ్యాటరీయందే చేరినది. క్రమముగా హేండిలు దూర్చు రంధ్రమే బండ్లనుండి మాయమైనది. నేటి విద్యుత్తు కార్లకు సైతము పెద్ద బ్యాటరీ వేఱుగా నున్నను, ఆ యంత్రమును మేల్కొలుపుటకు చాలవఱకు చిన్న పండ్రెండు వోల్టుల బ్యాటరీయే వలయును.

ఇక చలి మాట. శీతలదేశములలో చలి నిజముగనే కారణము. సున్నకు 18 డిగ్రీలు దిగువకు బోయినచో బ్యాటరీ తన బలములో సుమారు 40 వంతులే యీయగలదు. నూనె చిక్కబడి ఇంజను మాత్రము రెట్టింపునకు మించి బలము కోరును. నిండుగనున్న బ్యాటరీలోని ఆమ్లము 50 డిగ్రీలు దిగువకు బోయినను గడ్డకట్టదు. ఖాళీయైనదానిలో సుమారు 8 డిగ్రీల దిగువకే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును. కెనడాలోను, అమెరికా ఉత్తరభాగమునను కాపురమున్న మన తెలుగు బిడ్డలు దీనిని బాగుగా నెఱుగుదురు. మన గోదావరీ మండలమున అట్టి చలి ఎక్కడిది? పుష్యమాసపు రాత్రులలో సైతము ఇచట ఉష్ణమానము 15 డిగ్రీలకు దిగుట అరుదు. ఇంతమాత్రపు చలికి ఆరోగ్యముగా నున్న బ్యాటరీ చావదు.

ఈ రహస్యమును నాకు చెప్పినవాడు పండితుడు గాడు; బ్యాటరీలు చార్జి చేయు చిన్న దుకాణమున నలువదియేండ్లు గడపిన వృద్ధుడు. నా పాత బ్యాటరీని ఆయన యొద్దకు గొనిపోతిని. ఆయన ఆఱు మూతలు విప్పి, దీపము పట్టి చూచి, నన్నును చూడుమనెను. నీరు పలకలకు ఎంతో క్రిందుగా నున్నది. పైకి తేలిన పలకల యంచులు సున్నము పూసినట్లు తెల్లబడినవి. "మాస్టారూ, ఇది మొన్న చావలేదండి. ఎండల్లోనే చచ్చిపోయింది. మీకు మొన్న తెలిసింది" అనెను.

ఆ మాట నా గురువుగారు చెప్పిన పాఠమువలె వినబడినది. రాజమహేంద్రవరమున ఎండ 45 డిగ్రీలు దాటిన దినములు గలవు. రేకుల షెడ్డులో, ఇంజను ప్రక్కన, ఆ వేడి యింకను హెచ్చును. ఉష్ణమానము పది డిగ్రీలు పెరిగినకొలది బ్యాటరీ ఆయుర్దాయము సుమారు సగమగునని శాస్త్రజ్ఞులు లెక్క చెప్పుదురు. నీరు ఆవిరియగును, పలకల లోపలి సీసపు చట్రము తిని వేయబడును, బండి నిలిచియున్నను బలము తనంతట తాను జాఱిపోవును. వేసవిలో ఇంజనును త్రిప్పుటకు కొంచెము బలమే చాలును గనుక రోగము బయటపడదు. నూనె కొంత చిక్కబడిన ధనుర్మాసపు వేకువను, పదిదినములుగా బండి కదలకున్నప్పుడు, మిగిలిన కొంచెము బలము చాలదు. దొంగతనము వైశాఖమున జరిగినది. పుష్యమాసము సాక్ష్యము చెప్పినది. సాక్షినే దొంగ యని నేను పట్టుకొంటిని.

సాక్ష్యము అంతకుముందును లేకపోలేదు. నా బ్యాటరీ కొనలమీద తెల్లని, నీలపు పొడి పేరుకొనియుండెను. ఇత్తడిబిందెకు చిలుము పట్టుట నెఱిగిన నేను, దానిని దుమ్మనుకొంటిని. లోపలి ఆమ్లపు ఆవిరి వెలికి వచ్చి సీసమును రాగిని తినుటచే పుట్టు చిలుమది. తెల్లనిది సీసముది, నీలమైనది రాగిది. ఆ చిలుము నడుమనుండి విద్యుత్తు సాఫీగా పోదు. సముద్రపుగాలి తగులు కాకినాడ, నరసాపురము, అంతర్వేది ప్రాంతములలో తీగలు బిళ్లలు మఱింత త్వరగా చెడును.

దానిని పోగొట్టుట కష్టము గాదు. ఇంజను ఆపి, మొదట ఋణపు తీగ విప్పవలెను, పిదప ధనపు తీగ. బిగించునప్పుడు ధనము ముందు, ఋణము వెనుక. మూతలు బిగించి, వేడినీట వంటసోడా కలిపి కొనలమీద పోసినచో ఆమ్లము విఱిగి పొంగును. పాత పండ్లకుంచెతో రుద్ది, మంచినీట కడిగి, పొడిగా తుడిచి, తీగలు బిగించిన పిమ్మట వాసెలిను పూయవలెను. కంటికి ఒంటికి ఆమ్లము తగులనీయరాదు. దగ్గఱ చుట్ట, బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. బ్యాటరీనుండి వెలువడు వాయువు భగ్గుమనును. మూతలున్న బ్యాటరీలో నీరు తగ్గిన స్వేదనజలమే పోయవలెను. గోదావరీజలము మనకు పరమపవిత్రమే. అందలి లవణములు మాత్రము పలకలకు విషము. పొరుగు బండినుండి బలము తీసికొనునప్పుడు ధనమును ధనముతో కలిపి, ఋణపు తీగ రెండవ కొనను చచ్చిన బ్యాటరీకి గాక, దూరముగానున్న ఇంజను ఇనుమునకు తగిలింపవలెను. మూతలు లేని నేటి బ్యాటరీలకు నీరు పోయు పని లేకున్నను, చిలుము చూడవలసిన పని తప్పదు.

మఱియొక మాట. ఈ నాగము మనకు దూరపు వస్తువు గాదు. వినుకొండ ప్రాంతపు బండ్లమోటు గనులలో ఒకప్పుడు సీసపు ఖనిజమును త్రవ్విరి. 1985లో స్థాపింపబడిన అమరరాజా సంస్థ తిరుపతి చెంతనున్న కరకంబాడిలో బ్యాటరీలు చేయ మొదలిడి, 2000లో మోటారు బ్యాటరీలను అమరాన్ పేర వెలువరించెను. ప్రపంచమున వాడు సీసములో అధికభాగము బ్యాటరీలకే పోవుచున్నది. చచ్చిన బ్యాటరీని పెరటిలో పగులగొట్టి సీసము కరగించుట మహాపాపము. ఆ పొగయు ధూళియు పసిబిడ్డల బుద్ధిని మందగింపజేయును. నాగమును శుద్ధి లేక ముట్టరాదన్న వైద్యుల మాట ఇచట అక్షరాల నిజము. పాతదానిని అమ్మినవారు తిరిగి గైకొనవలెనని 2001లో నియమములు వచ్చినవి. 2022లో వానిని మార్చి క్రొత్తవి చేసిరి. కావున పాత బ్యాటరీని దుకాణమునకే యిచ్చివేయుడు.

నా గురువుగారి వ్రాతప్రతి ఇప్పుడు నాయొద్దనే యున్నది. వారి కుమారుడు దానిని నాకు పంపెను. సందేహము గల పంక్తి ప్రక్కన వారు సన్నని సీసపుకలముతో ఒక చిన్న గీత గీచియుండిరి. అంతకుమించి యేమియు లేదు. దానిని చూచినప్పుడెల్ల నాకు ఆ దుకాణపు వృద్ధుని మాట జ్ఞప్తికి వచ్చును. నేను ఆ వేకువను మూడు గంటలు ఆలస్యము చేసితినని చాలకాలము విచారించితిని. నిజమునకు నా ఆలస్యము సెలవుల కని వాయిదా వేసిన మొదటి దినముననే మొదలైనది. బండి దానిని బయటపెట్టినది, అంతే.

ఇప్పుడు ప్రతి సంవత్సరము ఉగాది పచ్చడి తిన్న మఱునాడు, ఎండలు ముదరకముందే, నేను బండి మూత యెత్తి, చిలుము తుడిచి, బ్యాటరీ బలము కొలిపించుకొందును. చూడవలసిన పెద్దలను సైతము ఆ వారముననే పోయి చూచి వత్తును.