ఇలవేల్పు ముంగిట సర్కారు

1956కు ముందు కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ముధోల్ నాందేడ్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో కిన్వట్ అటు, ముధోల్ ఇటు అయ్యాయి. హద్దులు మారినా మొక్కులు మారలేదు. పుష్య అమావాస్యకు మెస్రం వంశపు గోండులు మహారాష్ట్రలో ఉన్నా సరే, ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లోని తమ నాగదేవుడు నాగోబా జాతరకు చేరాల్సిందే.

పామును కొలిచింది మనమే కాదు. ప్రాచీన ఈజిప్టులో నాగదేవత వాజెట్ ఫారో కిరీటం మీద పడగెత్తి కూర్చుంది. మరో నాగదేవత మెరెత్‌సెగెర్‌ది ఆ వైభవం కాదు. రాజుల లోయ మీది కొండే ఆమె నెలవు. అక్కడ సమాధులు తొలిచిన దేర్ ఎల్ మదీనా ఊరి పనివాళ్లే ఆమె భక్తులు. నెఫెరాబు అనే పనివాడు తాను తప్పు చేస్తే అమ్మ దండించిందనీ, వేడుకుంటే కరుణించిందనీ రాతిపలక మీద రాయించుకున్నాడు. ఆ పలక టురిన్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 11వ శతాబ్దంలో ఊరు ఖాళీ అయ్యాక ఆమె కొలుపూ సన్నగిల్లింది. ఒక్క గుంపునే నమ్ముకున్న దైవానికి ఈ గండం తప్పదు.

నాగోబాకూ ఒక్క వంశమే దిక్కు. కానీ ఆ వంశాన్ని ఏటా పోగుచేసేది ఈ జాతరే. మెస్రం పెద్దలు తెల్లబట్టలు కట్టి, చెప్పుల్లేకుండా జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా నడిచి, ఝరి అనే పాత్రలో గోదావరి నీళ్లు తెస్తారు. పూజకుండలు సిరికొండ కుమ్మరులు చేసివ్వాలి. మహాపూజ తర్వాత కొత్త కోడళ్లు తెల్లచీరల్లో, ముసుగులతో వరుసగా వచ్చి దేవుడికి మొక్కుతారు. దీన్నే భేటింగ్ అంటారు. అది అయ్యాకే వాళ్లు మెస్రం ఇంటి మనుషులు.

నిజాం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం సర్కారుకు గోండుల గోడు వినక తప్పలేదు. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను అధ్యయనానికి పంపింది. జాతరకు జనం ఎలాగూ వస్తారు గనుక అధికారులే అక్కడికి వెళ్లి అర్జీలు తీసుకునే దర్బారు ఆ దశకంలోనే మొదలైంది. వాజెట్‌ను రాజు తలకెత్తుకున్నాడు. ఇక్కడ మాత్రం సర్కారే దేవుడి ముంగిటికి రావలసి వచ్చింది. అంతమాత్రాన అర్జీలన్నీ తీరిపోయాయనుకుంటే పొరపాటే. అదే ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూముల కోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు.

2022లో కొత్త రాతి గుడి లేచింది. దాని ఖర్చుకు మెస్రం కుటుంబాలు తమలో తామే చందాలు వేసుకున్నాయి. దర్బారుకు ఇప్పటికీ మంత్రులు, కలెక్టర్లు వస్తున్నారు, భూముల అర్జీలూ వస్తూనే ఉన్నాయి.