యజమాని చేతిలో మారిన ఆయుధం: వస్తువును ఆధారంగా చదవడం

శాసనాలు, దస్తావేజులు, లేఖలు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. మనుషులు వాడిన వస్తువులు కూడా ఆధారాలే. అయితే వాటిని చదవడానికి వేరే ఓపిక కావాలి. ఆ ఓపిక లేక నేను చేసిన పొరపాటుతోనే ఈ పాఠం మొదలుపెడతాను.

మాది వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న దిండి. కొబ్బరితోటలో వాడడానికి మా తాతగారు కమ్మరి దగ్గర చేయించిన కత్తి ఒకటి మా ఇంట్లో ఉండేది. దాని పిడిని మా నాన్నగారు తన గుప్పిటకు సరిపడేలా చెక్కించుకున్నారు. ఒకసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఆ పాత పిడి తీయించి కొత్తది వేయించాను. కత్తి అంతా తళతళలాడేలా సాన పట్టించాను. అప్పటికే నేను చరిత్ర చెబుతున్నవాణ్ణి. ఇద్దరి చేతుల ఆనవాళ్ళను నా డబ్బులిచ్చి మరీ చెరిపించానని గ్రహించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇలాంటి ఆనవాళ్ళను స్పష్టంగా చూపే ఉదాహరణగా సింగిల్ యాక్షన్ రివాల్వర్‌ను తీసుకుందాం. ఒకే నమూనాలో ఫ్యాక్టరీలో తయారై, యజమానుల చేతుల్లో రకరకాలుగా మారిన వస్తువు అది. ఒక్కొక్క రివాల్వర్‌కూ వరుస నంబరు ఉంటుంది కనుక, అది ఫ్యాక్టరీ నుంచి ఏ రూపంలో బయటికి వచ్చిందో, తరువాత ఏం మారిందో పోల్చి చూసే వీలు తరచుగా ఉంటుంది.

వీటిలో ప్రసిద్ధమైనది 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. ఇందులో ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్‌ను వెనక్కి లాగాలి. అప్పుడు సిలిండర్ తిరిగి తరువాతి తూటా గొట్టానికి ఎదురుగా వస్తుంది. ట్రిగ్గర్ చేసే పని హ్యామర్‌ను వదలడం మాత్రమే. అంటే పిడి వంపు, హ్యామర్ కొస, ట్రిగ్గర్ బిగువు వాడేవారి చేతికి కుదరాలి. మార్పులు ఎక్కువగా అక్కడే జరగడానికి కారణం ఇదే.

డాడ్జ్ సిటీలో పోలీసు అధికారిగా పేరుపొందిన బ్యాట్ మాస్టర్‌సన్ 1885లో కోల్ట్ కంపెనీకి రాసిన లేఖ చూడండి. నికెల్ పూత ఉండాలనీ, ట్రిగ్గర్ తేలికగా కదలాలనీ, గొట్టం చివర ఉండే సైటు కొంచెం ఎత్తుగా, మందంగా ఉండాలనీ కోరాడు. సైనిక నమూనా గొట్టం 7½ అంగుళాలు. ఇతను అంత పొడవు వద్దన్నాడు. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? పొట్టి గొట్టం పట్టణంలో నడుముకు పెట్టుకు తిరిగే మనిషి అవసరం. మందమైన సైటు గురి చూసి కాల్చే మనిషి అవసరం. సినిమాల్లోలాగా నడుము దగ్గరనుంచే కాల్చేసేవాడికి సైటు ఎంత మందముంటే ఏం లాభం?

అయితే ప్రతి గుర్తునూ నమ్మకండి. అదే మాస్టర్‌సన్ గురించి ఒక కథ చెబుతారు. ఆయన తుపాకీ కావాలని ఒక సేకర్త వెంటపడితే, పాత రివాల్వర్ ఒకటి కొని, పిడి మీద తానే ఇరవై రెండు కాట్లు పెట్టి ఇచ్చాడట. కథ నిజమైనా కాకపోయినా హెచ్చరికగా పనికొస్తుంది. మరోపక్క, జార్జ్ ప్యాటన్ 1916లో కొన్న కోల్ట్‌కు దంతపు పిడి, దానిపై తన పొడి అక్షరాలు వేయించుకున్నాడు. ఆ పిడిపైనా రెండు కాట్లున్నాయి. కానీ అదే ఏడాది మే నెలలో మెక్సికోలో జరిగిన కాల్పుల గురించి వేరే లిఖిత ఆధారాలున్నాయి. రెండూ కాట్లే. ఒకదానికి సాక్ష్యం ఉంది, ఒకదానికి లేదు. రెండో సందర్భంలో ఆ అలంకారం వెనుక మనుషుల చావులున్నాయనేది కూడా మరవకూడదు.

మరి ఇలా మార్పించుకున్న రివాల్వర్లు మన పల్లెల్లో ఎందుకు కనిపించవు? మనవాళ్ళకు అభిరుచి లేక కాదు. 1878 నాటి ఆయుధాల చట్టం కింద భారతీయులకు లైసెన్సు తప్పనిసరి అయింది. స్వాతంత్ర్యం తరువాత వచ్చిన 1959 చట్టం ప్రకారం, అందుకు ప్రత్యేకంగా లైసెన్సు లేకుండా తుపాకీ గొట్టాన్ని కురచ చేయడమే నేరం. చట్టం ఎక్కడ తలుపు మూసిందో అక్కడ ఆధారమూ ఆగిపోతుంది.

అంతకు ముందు కాలంలో చూస్తే కథ వేరు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 1832లో అచ్చయిన వాయ్‌సీ అనే ఆంగ్లేయుడి వ్యాసంలో ఆ పని వివరంగా ఉంది. ఇక్కడినుంచి వెళ్ళింది ఉక్కుముద్ద మాత్రమే. దానికి ఖడ్గ రూపం, పిడి, నగిషీ వేరే దేశంలో, వేరే యజమాని ఇష్టప్రకారం అమరేవి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ బిరుదు చెక్కిన జేడ్ ఉంగరం ఉంది. అది విల్లు లాగేటప్పుడు బొటనవేలికి తొడుక్కునేది. రివాల్వర్ హ్యామర్‌ను లాగేదీ ఆ వేలే కదా!

పాత రివాల్వర్‌కు కొత్త పూత వేయిస్తే చూపులకు బాగుంటుంది. పాత పూత అరిగిన చోట్లను బట్టి అది ఎలా వాడబడిందో చెప్పడం మాత్రం ఇక సాధ్యం కాదు. మా కత్తి విషయంలో జరిగిందీ అదే.

అభ్యాసం: మీ ఇంట్లో కనీసం రెండు తరాలు వాడిన పనిముట్టు ఒకటి తీసుకోండి. కత్తిపీట కావచ్చు, కొడవలి కావచ్చు. అందులో చేసినవాడు పెట్టిన రూపమేది, వాడినవారు మార్చినదేది, వాడకంలో దానంతటదే అరిగినదేది వేరుచేసి ఒక పుట రాయండి. ఇంట్లో పెద్దవారిని అడగడానికి ముందే మీ ఊహలు రాసుకోండి. వారు చెప్పినది తరువాత పక్కన చేర్చండి. రాయడం పూర్తయ్యేదాకా దాన్ని కడగవద్దు, సాన పట్టించవద్దు.