గోడలు అడ్డురాని లారీ పందెం: చవక వీడియో గేమ్‌ల వ్యాపారంలో ఒక ఘట్టం

2003 నవంబరు 20న అమెరికాలో విడుదలైన ‘బిగ్ రిగ్స్: ఓవర్ ది రోడ్ రేసింగ్’ అనే కంప్యూటర్ గేమ్‌ను వీడియో గేమ్‌ల గురించి రాసేవారు సాధారణంగా నవ్వుకోదగిన వింతగా ప్రస్తావించి వదిలేస్తారు. దానిని అమ్మిన దుకాణం నుంచి విడదీసి చూసినప్పుడు అది వింతే. కాని అప్పటికి ఇరవై ఏళ్లుగా రూపుదిద్దుకుంటూ వచ్చిన చవక గేమ్‌ల వ్యాపారంలో భాగంగా పరిశీలిస్తే, దాని లోపాలకు మూలం ప్రోగ్రామర్ల చేతగానితనంలో కన్నా సరుకు తయారై చేతులు మారిన పద్ధతిలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ వ్యాపారానికి తొలి రూపం ఏర్పడింది బ్రిటన్‌లో. గేమ్‌లు ఆడియో క్యాసెట్ల మీద వచ్చే ఆ రోజుల్లో, 1983లో ఏర్పడిన మాస్టర్‌ట్రానిక్ అనే సంస్థ, ఇతరులు అంతకు మూడు నాలుగింతలు ధర పెడుతున్న కాలంలో, తన క్యాసెట్లను 1.99 పౌండ్లకే, అదీ కంప్యూటర్ దుకాణాలకు పరిమితం కాకుండా పత్రికల కొట్లలోనూ పెట్రోలు బంకుల్లోనూ అమ్మించింది. అట్టమీది బొమ్మ చూసి, పోతే రెండు పౌండ్లేగదా అని పిల్లవాడు కొనుక్కునే సరుకు అది. అంతమాత్రాన చవకదంతా నాసిరకమని అనుకోవడానికి వీల్లేదు. 1986లో డార్లింగ్ సోదరులు స్థాపించిన కోడ్‌మాస్టర్స్ సంస్థ ఇదే తరహా ధరకు ‘గ్రాండ్ ప్రి సిమ్యులేటర్’ వంటి కారు పందాల గేమ్‌లు తయారుచేసి, ఆ అనుభవంతోనే ఎదిగి, 1998లో ‘కాలిన్ మెక్‌రే ర్యాలీ’ వంటి పేరున్న గేమ్‌ను విడుదల చేయగలిగింది. కాబట్టి ధర తగ్గడమే నాణ్యత పడిపోవడానికి కారణమన్న వివరణ చాలదు.

అమెరికాలో పరిస్థితి కొంత భిన్నం. అక్కడ చవక గేమ్‌ల భవిష్యత్తును నిర్ణయించింది వాల్‌మార్ట్ వంటి మహా విపణుల్లో సరుకు ఎంపిక చేసే కొనుగోలు అధికారులు. 1997లో వచ్చిన ‘డీర్ హంటర్’ అనే జింకల వేట గేమ్ అటువంటి ఒక అధికారి కోరిక మీదే, కొద్ది నెలల వ్యవధిలో తయారై, విమర్శకులు పెదవి విరిచినా పది లక్షలకు పైగా అమ్ముడైంది. గేమ్‌ల గురించి ఏమీ తెలియని కొనుగోలుదారుకు సైతం అట్ట మీద చూడగానే అర్థమయ్యే విషయం ఉంటే చాలునని, మిగతావి తర్వాతి సంగతులని ఈ విజయం ఆ రంగానికి నేర్పింది. వేట తర్వాత అంత తేలికగా అర్థమయ్యే విషయం వాహనాల పందెమే.

‘బిగ్ రిగ్స్’ను తయారుచేసిన స్టెల్లార్ స్టోన్ కాలిఫోర్నియాకు చెందిన చిన్న సంస్థ, ప్రోగ్రామింగ్ పనిని అది ఉక్రెయిన్‌లోని బృందానికి అప్పగించింది. గేమ్‌కు ఆధారమైన ఇంజిన్‌ను, అంటే దృశ్యాలను గీయడం, వాహనాలను కదిలించడం వంటి మౌలిక పనులు చేసే ప్రోగ్రామును, సెర్గీ టిటోవ్ అనే ప్రోగ్రామర్ సంస్థలో వాటాకు బదులుగా సమకూర్చాడు. ప్రచురణకర్త గేమ్‌మిల్. మొదట ఒకే గేమ్‌గా తలపెట్టిన దానిని లారీలతో ఒకటి, కార్లూ మోటారు సైకిళ్లతో ‘మిడ్‌నైట్ రేస్ క్లబ్’ పేర మరొకటి అని రెండు సరుకులుగా విడదీశారని చెబుతారు. రెండింటిలో ఏదీ పూర్తయినట్టు కనిపించదు.

తెర మీద కనిపించే గోడ నిజానికి రంగు వేసిన ఒక తలం మాత్రమే. వాహనం దాన్ని తాకినప్పుడు ఆగాలంటే ఆ తాకిడిని లెక్కగట్టే ఏర్పాటు ప్రోగ్రాములో విడిగా ఉండాలి. ‘బిగ్ రిగ్స్’లో ఆ ఏర్పాటు దాదాపు లేదు గనుక లారీలు ఇళ్లలోంచి అడ్డు లేకుండా దూసుకుపోతాయి, వంతెన ఎక్కవలసినచోట దానిలోంచి జారిపోతాయి, నిట్టనిలువు కొండలను సైతం వేగం తగ్గకుండా ఎక్కేస్తాయి. ముందుకు పోయే వేగానికి హద్దు పెట్టినవారు వెనక్కి పోయే వేగానికి పెట్టడం మరిచారు. రివర్సు మీట నొక్కి పట్టుకుంటే లారీ భౌతికశాస్త్రానికే అర్థంకాని వేగాన్ని అందుకుని, మీట వదిలిన మరుక్షణం కదలకుండా నిలిచిపోతుంది. ఎదుటి లారీ బయలుదేరవలసిన చోటు నుంచి కదలదు. దొంగ సరుకు మోసుకుంటూ పోలీసుల కన్నుగప్పి పరుగెత్తాలని పెట్టె మీద ముద్రించారు గాని, గేమ్‌లో సరుకూ లేదు, పోలీసులూ లేరు. ఓడిపోయే అవకాశమే లేని ఈ పందెం ముగియగానే వ్యాకరణం తప్పిన ఇంగ్లీషులో ఆటగాడిని విజేతగా ప్రకటించే కప్పు ఒకటి తెర మీద వెలుస్తుంది. తర్వాత విడుదల చేసిన సవరణ ప్రోగ్రాములో ఆ వ్యాకరణాన్ని సరిదిద్దారు, ఎదుటి లారీని కూడా కదిలించారు. అయితే అది ముగింపు గీత దాటకుండా ముందే ఆగిపోతుంది.

గేమ్‌స్పాట్ అనే గేమ్ సమీక్షల వెబ్‌సైట్‌లో అలెక్స్ నవారో సమీక్ష 2004 జనవరిలో వెలువడి, పదికి ఒక్క మార్కు ఇచ్చింది. ఆ సంస్థ అప్పటిదాకా ఇచ్చిన మార్కుల్లో అదే అతి తక్కువ. కాని అప్పటికి క్రిస్మస్ అమ్మకాలు ముగిసిపోయాయి, పైగా వాల్‌మార్ట్‌లో కూరగాయలతో పాటు ఆ పెట్టెను బండిలో వేసుకునేవారు సమీక్షలు చదివేవారు కారు. మొత్తం 20,000 ప్రతుల దాకా, ప్రధానంగా ఆ దుకాణాల్లోనే, అమ్ముడైనట్టు లెక్క. కొన్నవారి మాట దుకాణానికి చేరే పద్ధతి ఉన్నచోట ఫలితం వేరుగా ఉంది: టిటోవ్ తర్వాత పనిచేసిన ‘ది వార్ జీ’ అనే గేమ్ 2012 డిసెంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలోకి వచ్చింది. వర్ణనలో చెప్పిన అంశాలు గేమ్‌లో లేవని కొన్నవారు అక్కడే గోల చేయగా, ఆ దుకాణం కొద్ది రోజుల్లోనే అమ్మకం నిలిపివేసి, కోరినవారికి డబ్బు తిరిగి ఇచ్చింది.