ఎన్నికల కొలువు: పరాయివారును పొరుగువారును

కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలమున, సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రముగా నున్న గోలేటిలో ఎన్నికల పని రెండు రకములవారి చేతులమీదుగా నడచుచున్నది. పోలింగునాడు బల్లవెనుక కూర్చుండు ఉద్యోగి మరొకచోటినుండి వచ్చినవాడు. ఏడాది పొడుగునను ఓటర్ల జాబితా చేతబట్టుకొని క్వార్టర్ల వరుసలలో తిరుగువారు ఆ వాడకే చెందినవారు. మొదటివానిని పరాయివానిగాను, రెండవవారిని పొరుగువారిగాను నిలుపుట యాదృచ్ఛికము కాదు. డెబ్బది ఏండ్లకు పైబడిన అనుభవము దాని వెనుక కలదు.

నిజాం సంస్థానమున వయోజన ఓటుహక్కు లేకుండెను. 1945లో సింగరేణి బొగ్గుగనుల కంపెనీ హైదరాబాదు ప్రభుత్వ వశమైన నాటికి, బాయిలో దిగు కార్మికునకు తన్ను పాలించువానిని ఎన్నుకొను మార్గమే లేదు. 1951 అక్టోబరు మొదలు 1952 ఫిబ్రవరి వరకు సాగిన తొలి సార్వత్రిక ఎన్నికలతో ఈ స్థితి మారెను. ఆసిఫాబాద్ నుండి కొండా లక్ష్మణ్ బాపూజీ హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనది 1952లోనే. ప్రథమ ప్రధాన ఎన్నికల కమీషనరగు సుకుమార్ సేన్ ఎదుట 17 కోట్లకు మించిన ఓటర్లుండగా, వారిలో అత్యధికులకు అక్షరము రాకుండగా, జాబితాలను టైపుచేసి కూర్చుటకు 16,500 మంది గుమాస్తాలను ఆరునెలల కాంట్రాక్టుపై నియమించిరి. పోలింగు నడపుటకు 56,000 మంది ప్రిసైడింగ్ అధికారులును, వారికి తోడు 2,80,000 మంది సహాయకులును పనిచేసిరి. ఎన్నికల కూలి యనదగిన పని ఈ దేశమున ఇంత విస్తృతముగా పుట్టినది అప్పుడే.

ఆనాటి లోపములలో మిక్కిలి బాధించునది ఒకటి కలదు. అపరిచితునకు తమ పేరు చెప్పనొల్లక, ఫలానావాని భార్యననియో ఫలానావాని కూతురననియో వ్రాయించుకొన్న సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లు, అధికముగా ఉత్తరాది రాష్ట్రములలో, జాబితాలనుండి తొలగింపబడెను. గడపలో నిలిచినవాడు కొత్తవాడగుటయే ఆ నష్టమునకు సగము కారణమని నేను తలంతును.

పోలింగు విధానము క్రమముగా మారెను. తొలుత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఉక్కుపెట్టె. గుర్తు చూచి చీటీని అందులో వేయుటయే ఓటు. 1962 సార్వత్రిక ఎన్నికలనాటికి పేర్లును గుర్తులును అచ్చువేసిన బ్యాలెట్ పత్రమును, దానిపై వేయు ముద్రయు వచ్చెను. 2004లో దేశమంతటను ఓటింగు యంత్రము వచ్చెను. సిబ్బంది విషయమున గోలేటివంటి ఊళ్లకు ముఖ్యమైన మార్పు మరొకటి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు 159వ సెక్షను 1998లో సవరింపబడి, స్థానిక సంస్థల ఉద్యోగులతోపాటు ప్రభుత్వ కంపెనీల ఉద్యోగులను సైతము ఎన్నికల పనికి పిలుచు అధికారము నిచ్చెను. సింగరేణి ప్రభుత్వ కంపెనీయే కనుక, గనుల ఆఫీసు గుమాస్తా సైతము పోలింగు డ్యూటీకి పోవలసినవాడయ్యెను.

ఆ డ్యూటీని దగ్గరనుండి చూడవలెను. ముందునాడు పంపిణీ కేంద్రమున యంత్రములు, సిరా సీసా, లక్క, రిజిస్టర్లు సరిచూచుకొని, బస్సెక్కి, రాత్రి బడిగదిలో నడుము వాల్చి, వేకువనే లేచి, పోలింగునకు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసము 50 ఓట్లతో మాక్ పోలు జరిపి, ఆ లెక్కను చెరిపి, వీవీప్యాట్‌లోని చీటీలను తీసి కవరులో సీలువేసినగాని అసలు పని మొదలు కాదు. ఆపై ఒకరు పేరు బిగ్గరగా చదువుదురు. ఒకరు ఎడమచేతి చూపుడువేలికి సిరా పూయుదురు. ఒకరు కంట్రోల్ యూనిట్‌పై బటను నొక్కుదురు. అభ్యర్థికొరకు పనిచేసినవానిని ఆ బల్లవెనుక కూర్చుండబెట్టరాదని చట్టము. స్వంత నియోజకవర్గమునకు పంపరాదని నియమము. ఎవరు ఎక్కడికో కంప్యూటరు తీయు చీటీ తేల్చును. 2023 నవంబరు 30 నాటి శాసనసభ ఎన్నికలలో, మావోయిస్టు ప్రభావిత ప్రాంతములను కారణమున, ఆసిఫాబాద్‌తో కలిపి 13 నియోజకవర్గములలో పోలింగు సాయంత్రము 4 గంటలకే ముగిసెను. ఆనాడు వేతనముతో కూడిన సెలవు చట్టరీత్యా ఉన్నను, పనికి రాకున్న ప్రమాదము వాటిల్లు ఉద్యోగులకు అది వర్తింపదు. గనిలో నీరు తోడు పంపులను సెలవు పేర ఆపుటకు వీలులేదుగదా. అట్టి కార్మికునకు ఆ గంట తగ్గుట చిన్న విషయము కాదు.

ఇదే గనులలో మరొక ఓటింగు కలదు. 1998 నుండి గుర్తింపు కార్మికసంఘమును రహస్య బ్యాలెట్టుతో ఎన్నుకొనుచున్నారు. కేంద్ర కార్మికశాఖ దానిని నిర్వహించును. 2023 డిసెంబరు 27 నాటి పోలింగులో ఏఐటీయూసీ గెలిచెను. అచ్చట ఓటరెవరో కంపెనీ ఉద్యోగుల పట్టికయే చెప్పును. ఇల్లిల్లు తిరుగ నక్కరలేదు.

సార్వత్రిక జాబితాకు ఆ సౌకర్యము లేదు. 1990ల ఆరంభమున లక్షకు మించియుండిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు 40 వేల ప్రాంతమునకు దిగెను. రిటైరైనవాడు క్వార్టరు ఖాళీచేసి స్వగ్రామమునకు పోవును. బదిలీయైనవాడు మరొక ఏరియాకు పోవును. డిపెండెంటు ఉద్యోగము దొరికిన కొడుకు కొత్త కోడలితో మరొక వరుసలో దిగును. తలుపుపై నంబరు అదే, లోపలివారు వేరు. 2006 నుండి ఎన్నికల సంఘము నియమించుచున్న బూత్‌స్థాయి అధికారి, జనులు బీఎల్వో యని పిలుచు వ్యక్తి, సాధారణముగా ఆ భాగపు ఓటరే అయియుండవలెనన్న నియమము ఇందువలననే సార్థకమగుచున్నది. తెలంగాణమున పలుచోట్ల ఈ పని అంగన్‌వాడీ టీచరు మీద పడినది. తన పేరు చెప్పనొల్లని స్త్రీని జాబితా వదలివేసిన దేశమున, నేడొక స్త్రీయే గడపలో నిలిచి, కోడలి పేరును ఆమె నోటనే చెప్పించి, ఓటరు నమోదుకై ఆరవ నంబరు ఫారము నింపించుచున్నది. ఇది నాకు యంత్రములన్నింటికంటె పెద్ద మార్పుగా తోచుచున్నది.

ప్రతిఫలమో, చాలకాలము ఏడాదికి 6,000 రూపాయలు. 2025 ఆగస్టులో దానిని 12,000కు పెంచిరి, అనగా నెలకు వేయి. నిలకడగల పల్లెలోని బూతునకును, ఏటేట ఇండ్లు చేతులు మారు గోలేటి బూతునకును మొత్తమొక్కటే. ఖాళీయైన క్వార్టర్ల, కొత్తగా దిగిన కుటుంబముల లెక్కనుబట్టి కాలనీ బూతులకు అదనపు మొత్తము చేర్చుట న్యాయము. ఆ లెక్క కంపెనీ ఎస్టేటు ఆఫీసులో దొరకకపోదు.