త్రిపురాంతక మూర్తి

మూడు పురాలను ఒకే బాణంతో కాల్చిన శివుడి విజయ రూపం త్రిపురాంతక మూర్తి. త్రిపుర విజయుడనీ అంటారు. తమిళనాట చోళుల కాలంలో, ముఖ్యంగా 10, 11 శతాబ్దాల్లో పోతపోసిన పంచలోహ విగ్రహాల్లో ఈ రూపం శిఖరాన్ని అందుకుంది.

తారకాసురుడి కొడుకులు తారకాక్షుడు, కమలాక్షుడు, విద్యున్మాలి. మయుడు వాళ్లకు బంగారు, వెండి, ఇనుప పురాలు కట్టిచ్చాడు. వెయ్యేళ్లకోసారి ఆ మూడూ కలిసిన క్షణంలో ఒక్క బాణంతో కొడితేనే వాటికి నాశనం. అందుకు భూమి రథమైంది, సూర్యచంద్రులు చక్రాలయ్యారు. బ్రహ్మ సారథ్యం చేశాడు. మేరువు విల్లు, వాసుకి అల్లెతాడు, విష్ణువు బాణం.

ఎల్లోరా కైలాస ఆలయంలో రాతి శిల్పి రథంతో సహా ఈ ఘట్టాన్ని చెక్కాడు. లోహశిల్పి రథాన్ని, శత్రువును వదిలేసి దేవుణ్ణొక్కణ్ణే నిలబెట్టాడు. నడుము ఒయ్యారంగా వంగి ఉంటుంది. వెనక చేతుల్లో గొడ్డలి, లేడి. ముందరి ఎడమ చెయ్యి విల్లు పట్టినట్టు పైకి లేచి ఉంటుంది. కుడి చెయ్యి బాణం పట్టినట్టు కిందుగా నిలుస్తుంది. కొన్నింటిలో ఎడమ పాదం కింద మరుగుజ్జు అపస్మారుడు ఉంటాడు. ఈ మూర్తికి అంశుమద్భేదాగమం అనే శైవాగమ గ్రంథం ఎనిమిది భేదాలు చెప్పింది.

విల్లంబులను విడిగా చేసి అమర్చేవారు. చాలా విగ్రహాల్లో అవి పోయాయి. అయినా లోపం తోచదు. ముడుచుకున్న వేళ్ల మధ్య మిగిలిన ఆ సందు చూస్తే చాలు, విల్లు ఎంత లావుందో, పట్టు ఎంత సుతారమో తెలిసిపోతుంది. ముఖంలో కోపం ఛాయైనా లేదు. ఇవి ఊరేగింపు విగ్రహాలు. పట్టుబట్టలు, పూలదండలు వేశాక భక్తుడికి కనబడేది ముఖమూ చేతులే. శిల్పి ప్రాణమంతా అక్కడే పెట్టడం అందుకేననిపిస్తుంది. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసేవారు. విగ్రహం తీయాలంటే మూస పగలగొట్టాల్సిందే. కాబట్టి ఏ రెండూ ఒక్కలా ఉండవు.

ఈ రూపమంటే మొదటి రాజరాజుకు (985–1014) ప్రత్యేకమైన మక్కువ. 1010లో పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయంలో విమానం గోడ పై వరుస గూళ్లలో త్రిపురాంతకుడే మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. లోపలి ప్రదక్షిణ మార్గంలో తర్వాతి నాయక రాజుల కాలపు చిత్రాల పొర కింద చోళ చిత్రాలున్నట్టు 1931లో బయటపడింది. వాటిలో రథమెక్కి యుద్ధం చేస్తున్న త్రిపురాంతకుడూ ఉన్నాడు. వరస దండయాత్రలు గెలిచిన రాజు తన విజయాలను ఈ మూర్తిలో చూసుకున్నాడని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

తెలుగునాట శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకంలో ఈ స్వామి పేరిటే క్షేత్రం వెలిసింది. అక్కడ గర్భగుడిలో ఉన్నది విల్లు పట్టిన మూర్తి కాదు, లింగం.