గోదావరి యానకట్టకు ముందటి యర్ధశతాబ్ది

గోదావరి యానకట్ట యనఁగానే యాంధ్రులకు సర్ ఆర్థరు కాటను జ్ఞప్తికి వచ్చును. ఆ కీర్తి యాతనికిఁ దగినదే. కాని గోదావరీ కృష్ణానదుల నీటిని పొలములకు మరల్చినచో దేశమునకు క్షామబాధ తగ్గునని 1803లో కాటను జన్మించుటకుఁ బూర్వమే చెప్పినవాఁ డొకఁడు కలఁడు. అతఁడు ఈస్టిండియా కంపెనీవారి జ్యోతిష్కుఁడును భూమాపకుఁడును నైన మైకేలు టాపింగు. చెన్నపట్టణమున 1792లో నక్షత్రశాలకును, 1794లో సర్వే పాఠశాలకును గారకుఁ డితఁడే. ఉత్తర సర్కారులను 1791 ప్రాంతముల క్షామము పీడించిన కాలమున నాతఁడు తీరమును, నదులను గొలిచి, యా జలములను సేద్యమునకు వినియోగింపవలయునని కంపెనీవారికి విన్నవించెను. 1796లో బందరున జ్వరముచేఁ గాలధర్మము నొందెను. గోదావరి యానకట్టపని మొదలైనది 1847లో.

ఈ నడుమ దేశము పడిన పాట్లు తక్కువవి కావు. 1832-33లో వచ్చిన నందన కఱువు గుంటూరు సీమలో నించుమించు మూఁడవవంతు జనమును మ్రింగెను. 1839లో నుప్పెన కోరంగిని ముంచెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,000 పైచిలుకుగా నున్న జనసంఖ్య 1841 నాఁటికి 5,61,000కు దిగెను. నది మాత్రము ఏఁటేఁట నిండుగాఁ బాఱి సముద్రమునఁ గలియుచునే యుండెను.

టాపింగు మాట యేల చెల్లలేదు? అతని యకాలమరణము మొదటి కారణముగాఁ దోఁచును. కాని మనిషి పోయినను విన్నపము పోలేదు. లోఁతు తెలియని యిసుకలోఁ బునాది నిలుచునా యనుట రెండవది. దీనికి సమాధానము కావేరిమీఁద శతాబ్దులనుండి నిలిచియే యున్నది. చోళులు కట్టిన కల్లణైని జూచియే యిసుకపైఁ గట్టడము నిలుపు విధము నేర్చుకొంటిమని కాటనే యొప్పుకొనెను. విద్య దాపుననే యుండెను, వెదకినవారు లేకపోయిరి.

అసలు చిక్కు శిస్తు లెక్కలలో నున్నది. టాపింగు పోయిన తరువాత మూఁడేండ్లకు మైసూరు యుద్ధము వచ్చినది. అది ముగిసిన వెనుక, 1802 మొదలు, ఉత్తర సర్కారులలో శాశ్వత శిస్తుపద్ధతి యేర్పడెను. జమీందారులు కంపెనీకిఁ గట్టవలసిన పేష్కషు ఎన్నటికిని మాఱకుండ నిర్ణయింపఁబడెను. హవేలీ భూములను గూడ ముఠాలుగా విభజించి వేలమున విక్రయించిరి. ఆ మీఁదట పంట పదిరెట్లయినను కంపెనీకి దమ్మిడీ యెక్కువ రాదు. వచ్చు లాభము జమీందారునిది. అతఁడా, యనేక జమీలనడుమఁ బాఱు మహానదికి నడ్డుకట్ట వేయఁజాలఁడు. ఇఁక తంజావూరిలో రైతుల శిస్తు నేరుగాఁ గంపెనీకే చేరుచుండెను. అచ్చట కొళ్ళిడమునకు 1836లోనే యానకట్టలు లేచినవి. కట్టించినవాఁడును కాటనే, సొమ్ము నా కంపెనీదే.

గోదావరి సీమలో మార్పు వచ్చుటకును మూలము శిస్తే. 1840 ప్రాంతములకు జమీలనేకములు పేష్కషు బాకీలు పడి సర్కారు స్వాధీనమయ్యెను. నేల పండకున్నచో నష్టము ఇప్పుడు దొరతనమువారిదే. జిల్లా దుస్థితినిగూర్చి సర్ హెన్రీ మాంటుగోమరీ 1844లో నివేదించెను. ఆ యేఁటను మఱుసటి యేఁటను కాటను తన లెక్కలను బంపెను. 1846 డిసెంబరులో లండనునుండి యనుమతి వచ్చెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములకడ నాలుగు భాగములుగా సాగిన పని 1852 నాఁటికి ముగిసెను. జమీందారీ నేలలకుఁ బాఱు సర్కారునీటిపైఁ బన్ను గొనుటకు 1865లోఁ బ్రత్యేకముగా శాసనమే చేసిరి. పై చిక్కు ఊహామాత్రము కాదనుట కిది నిదర్శనము.

కాటనువంటి దీక్షాపరుఁడు దొరకుటయే చాలుననువారు గోదావరి యెగువ భాగమును జూడవలయును. బీరారు ప్రత్తిని పడవలపై నా నదిమీఁదుగా సముద్రమునకుఁ జేర్పవలయుననునదియు నాతఁడు పట్టుపట్టిన యాలోచనయే. దుమ్ముగూడెముకడ నానకట్ట కట్టిరి, కాలువ త్రవ్విరి. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపురమునకు వచ్చెను. ప్రత్తి పడమటికిఁ దరలెను. 1871లో పడవమార్గపుఁబని నిలిపివేసిరి.