నొప్పి తెలియని పాదానికి చెప్పు

షుగరు వల్ల అరికాళ్లు మొద్దుబారినవారికి డాక్టర్లు రాసే ఎం.సి.ఆర్. చెప్పులు అసలు షుగరు కోసం పుట్టినవి కావు. వాటి పుట్టిల్లు తమిళనాడులోని వేలూరు (రాయవేలూరు), ఆ పక్కనున్న కరిగిరి. వాటి అవసరాన్ని తెచ్చిన జబ్బు కుష్ఠు. శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వేలూరు సి.ఎం.సి.కి వచ్చేనాటికి, కుష్ఠురోగి కాలు దానంతటదే కుళ్లి రాలిపోతుందని వైద్యులు కూడా నమ్మేవారు. బ్రాండ్, ఆయన సహచరులు గమనించింది వేరు. కాలికి బొబ్బ లేస్తే మనం కుంటుతాం, ఆ కుంటడమే పాదాన్ని కాపాడుతుంది. నరం చచ్చుబడినవాడు కుంటడు. పుండు మీదే మళ్లీ మళ్లీ అడుగు వేస్తాడు. పాదాన్ని తినేస్తున్నది ఆ ఆగని నడకేనని తేలాక చెప్పు కూడా వైద్యంలో భాగమైంది. పైన సన్నని గాలిగదులున్న మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎం.సి.ఆర్.) ఉంటుంది. అది మడమ మీద, బొటనవేలి మొదట్లో పడే బరువును అరికాలంతటికీ పంచుతుంది. కింద ముల్లు దిగని గట్టి అడుగు, చాలాచోట్ల పాత టైరు ముక్కే. మేకులు కొట్టరు, పైకి లేచిన మేకు ఆ కాలికి తెలియదు గనుక. జారిపోయినా తెలియదు గనుక మడమ వెనక పట్టీ.

బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక ఈ అనుభవం మధుమేహ పాదాలకూ అక్కరకొచ్చింది. కుష్ఠు చెప్పు షుగరుకెందుకని అడగవచ్చు. నరాన్ని చంపింది క్రిమి అయినా చక్కెర అయినా, స్పర్శ పోయిన అరికాలికి జరిగే హాని ఒకటే. పైగా మధుమేహంలో రక్తప్రసరణ కూడా తగ్గితే పుండు మానడం మరీ కష్టం.

అయితే చెప్పులో మెత్తని అట్ట వేస్తే నడకలో తూలుడు కూడా తగ్గుతుందని కొందరనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఈ చెప్పు పుట్టింది చర్మాన్ని కాపాడటానికి. నిలకడ వేరే సంగతి. దానికి కళ్లు, లోపలి చెవి, కీళ్లతో పాటు అరికాలు పంపే కబురూ కావాలి. ఆ కబురు ఆగినవాడు చీకట్లో తూలేది అందుకే. మందపాటి మెత్తదనం నేలను ఇంకా దూరం చేస్తుంది. అలాంటి అడుగుల మీద వృద్ధుల నిలకడ తగ్గినట్టు 1990లలోనే పరీక్షల్లో కనిపించింది. 2003లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో, తెలియీ తెలియనంతగా కంపించే అట్టల మీద నిలబడ్డ వృద్ధుల ఊగిసలాట తగ్గింది. కానీ అది నిలబడినప్పటి సంగతి, నడకది కాదు. నడకలో పాదం వేలాడి వేళ్లు నేలకు తగిలేవారికైతే, చీలమండను పట్టి ఉంచే ఏ.ఎఫ్.ఓ. పట్టీ నిజంగా మేలు చేస్తుంది.

అలాగని పుండుకో పడిపోవడానికో సిద్ధపడాలా? అక్కర్లేదు. మెత్తదనం పైపొరలోనే ఉంచి, కింద గట్టిగా, వెడల్పుగా, వెనక పట్టీతో కట్టిన ఆ పాత చెప్పులోనే జవాబుంది. వేసుకుంటే హాయిగా ఉంది కదా, అది చాలదా అంటారు కొందరు. చాలదు. మొద్దుబారిన కాలికి బిగుతైన చెప్పే సరిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే పాదాన్ని కాగితం మీద గీసి కొలత తీసుకోవాలి. కొత్త చెప్పు తొడిగిన తొలి రోజుల్లో కాసేపటికోసారి విప్పి, ఎక్కడైనా ఎర్రబడిందేమో కళ్లతో చూసుకోవాలి. కళ్లు ఆననివారికి ఆ పని ఇంట్లోవాళ్లు చేయాలి.